డబ్బా అడుగున గుప్పెడు

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే మనవాళ్ళకి ఎగతాళి. నేనెరిగిన ఒక ఫ్రెంచి పెద్దమనిషి బతుకంతా అచ్చంగా ఆ పనే చేశాడు. కొండలు తవ్వాడు, ఎలుకలు పట్టాడు. అవీ వేల ఏళ్ళ కిందట చచ్చిన ఎలుకలు. ఈ సామెత చెప్పి అర్థం విడమరిస్తే పగలబడి నవ్వి, నోటుబుక్కు నా ముందుకు తోసి తెలుగులో రాయించుకున్నాడు. అంత ధీమాగా నవ్విన మనిషి చివరికి తల దించుకుని ఈ దేశం వదిలి వెళ్ళాడు. అందుకు కారణం మా ఇంట్లోని ఒక డబ్బా. తప్పంతా డబ్బా మీదికి నెట్టేస్తే నాకు సుఖంగానే ఉంటుంది. కానీ డబ్బాకి నోరు లేదు, నాకుంది. ఉండీ తెరవలేదు.

అప్పట్లో నేను మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో ఒక బడి సైన్సు గదిలో సహాయకురాలిని. గాజు గొట్టాలు కడగడం, మైక్రోస్కోపులు తుడవడం, పిల్లలు పగలగొట్టినవి ఊడ్చడం. ఏడాదికోసారి కాగితం మీద సంతకం పెడితే మరో ఏడాది ఉండనిచ్చేవాళ్ళు. నలభై దాటాయి, పెళ్ళి లేదు. అమ్మా నేనూ ఒక తామాన్‌లో అంటే కాలనీలో, వరస ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ ఎస్టేటులో పుట్టింది. మొదట రబ్బరు పాలు గీసింది, రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ వేశాక గెలల నుంచి రాలిన పళ్ళు ఏరింది. ఆ పళ్ళు గడ్డిలో, మట్టలు ఎండిన ముళ్ళలో, పాముల మధ్యలో పడి ఉంటాయి. అమ్మ వేళ్ళు వాటిని కళ్ళకంటే ముందు కనిపెట్టేవి. ఆ వేళ్ళు తలచుకుంటే ఇప్పుడు నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

ఆయన మా ఊరు రావడానికి కారణం గుడ్లగూబలు. పామాయిల్ తోటల్లో ఎలుకల బెడద తగ్గించడానికి స్తంభాలకి పెట్టెలు కట్టి గుడ్లగూబలను పెంచుతారు కదా. గూబ ఎలుకను మింగాక అరగని ఎముకలనూ బొచ్చునూ ఉండ చుట్టి బయటికి కక్కేస్తుంది. ఆయనకి ఆ ఉండలు కావాలి. గుహల్లో దొరికే పాత పళ్ళ పక్కన పెట్టి పోల్చడానికి ఇప్పటి ఎలుకల పళ్ళు కావాలట. ఎస్టేటు మనుషులతో మాట్లాడగలిగి, మైక్రోస్కోపు పట్టుకోవడం తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని బడికొచ్చి అడిగితే నన్ను చూపించారు.

"గూబ కక్కు ఏరుకోడానికి అంత దూరం నుంచి వచ్చినాడేటే దొర? ఆళ్ళ ఊళ్ళో గూబల్నేవా?" అంది అమ్మ.

"దొర అనకమ్మా. మనకేటి దొర ఇప్పుడు?"

"తెల్లగున్నాడు, టోపీ ఎట్టుకున్నాడు. మరేటనాల్లా?"

అరవై దాటిన మనిషి. ఎండకి ముక్కు ఎర్రగా పొక్కి ఉండేది. సాక్సుల మీద చెప్పులు వేసుకునేవాడు. వయసులో ఉన్నప్పుడే ఈ దేశం వచ్చి, టీకొట్లలో కూర్చుని మలయ్ నేర్చుకున్నాడు. రొట్టెను పప్పులో ముంచకుండా కాఫీలో ముంచి తినేవాడు.  చిన్నప్పుడు వాళ్ళ తాత ద్రాక్షతోటలో రాళ్ళు ఏరుతుంటే ఒక రాతిలో సముద్రపు గవ్వ కనిపించిందట. కొండ మీదికి సముద్రం ఎలా వచ్చిందని అడిగితే, "నాకేం తెలుసు, నువ్వే తవ్వి చూడు" అన్నాడట తాత. అప్పటి నుంచీ తవ్వుతూనే ఉన్నానని చెప్పేవాడు.

కానీ తవ్వేవాళ్ళలోనూ కులాలున్నాయని ఆయన వల్లే తెలిసింది. ఏనుగు ఎముక దొరికినవాడు పెద్ద కులం, ఎలుక పన్ను దొరికినవాడు చిన్న కులం. వాళ్ళ దేశంలో ఆయన పనిచేసిన చోట మెట్ల కింద గది ఇచ్చారట. పెద్ద ఎముకల వాళ్ళు మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే నెత్తిన దుమ్ము రాలుతూ ఉండేదని చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వులో ఎంత మంట ఉండేదో నాకు అర్థమయ్యేది, నేనూ మెట్ల కింద మనిషినే గనక. "ఏనుగుదేముంది, ఎక్కడికైనా నడిచిపోతుంది. ఎలుక పుట్టిన చోటే చస్తుంది. ఒక ఊరి సంగతి తెలుసుకోవాలంటే ఎలుకనే అడగాలి" అనేవాడు.

ఆయన తవ్వే గుహ ఈపో వైపు సున్నపురాయి కొండల్లో ఉంది. గుహ పైఅంచుల మీద తరతరాల గుడ్లగూబలు కూర్చుని కక్కిన ఎముకలన్నీ కింద మట్టిలో పొరలు పొరలుగా పూడిపోయాయి. పైపొరలు బూడిదరంగు. మనుషులొచ్చి గుహలో నిప్పు రాజేసుకున్న కాలంవి. కింది పొరలు ఎరుపు. మనిషి జాడే లేని కాలంవి. ఏ పొర మట్టి ఆ సంచిలో వేసి, చీటీ కట్టి, వ్యానులో తెలుక్ ఇంటాన్ తెచ్చేవాడు. ఒక కొట్టు మీద అద్దెగదిలో నీళ్ళతో జల్లించి, ఆరబెట్టి, మిగిలిన గులకల్లోంచి పళ్ళు ఏరాలి. నువ్వుగింజంత ఉంటాయి. అది నా పని. ఆయనకి ఒకే ఒక్క నియమం. బల్ల మీద ఒక్క సంచే ఉండాలి, ఏ సంచీ గది దాటకూడదు.

నాకు ఆ పని చేతకాలేదు. ఉన్నమాట చెప్పాలి కదా. సాయంత్రాలూ సెలవు రోజులూ కూర్చుని నెలకి రెండు సంచులు కూడా తెమల్చలేకపోయాను. కళ్ళు మంటలెత్తేవి. ఆయన ఒక్క మాటా అనేవాడు కాదు. తిట్టినా బాగుండేది. మూలన సంచులు పెరుగుతుంటే వాటివంక చూసి ఊరుకునేవాడు. ఈ పనీ పోతుందన్న భయంతో ఒక ఆదివారం ఒక సంచి బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

"ఏటే అది, మట్టి ముందరేసుకుని కూకున్నావు?" అంటూ అమ్మ వచ్చి తొంగి చూసింది. చెప్పాను. వంటింట్లోకెళ్ళి చేట తెచ్చింది. ఎస్టేటు కొట్టులో ఇచ్చే బియ్యంలో సగం రాళ్ళూ ఊకా ఉన్న రోజుల నాటి చేట అది. పాత బిస్కెట్ డబ్బాలో సంచిని ఒంపుకుని, దోసెడు దోసెడు చేటలో పోసి చెరగడం మొదలుపెట్టింది. పైకెగరేసి, చివర్లో మణికట్టు చిన్నగా విరిచేది. వేరుముక్కలూ నత్తగుల్లలూ ముందుకెళ్ళి రాలిపోయేవి, గులకరాళ్ళు వెనక్కి జారేవి, పళ్ళు మధ్యలో సన్నటి గీతలా నిలబడేవి. టీ మరిగేలోపు సగం సంచి అయిపోయింది. నేను నెల రోజులు ఏరినన్ని పళ్ళు ఒక సాసరులో ఉన్నాయి.

మర్నాడు ఆ సాసరు చూసి ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఇది ఎవరు చేశారు?"

"నేనే" అన్నాను.

అంత చిన్న అబద్ధం. సంచి గది దాటించానని తెలిస్తే పంపేస్తాడన్న భయం ఒకటి. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. ఆయన ముఖం వెలిగిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, ఇలాంటి చేతులు తానెక్కడా చూడలేదన్నాడు. గాజు గొట్టాలు కడిగే చేతులు అవి. వాటిని ఎవరూ ఎన్నడూ అలా చూడలేదు. అమ్మ పేరు చెప్పి ఆ చూపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేను దానం కూడా చెయ్యలేదు, అమ్మ సొమ్ము తెచ్చి నా మెళ్ళో వేసుకున్నాను.

అలా రెండేళ్ళు నడిచింది. సంచులు బుట్టలో ఇంటికి వచ్చేవి, పళ్ళు సీసాల్లో తిరిగి వెళ్ళేవి. చెరగడం ఎలాగో ఒకసారి చూపించమన్నాడు. చేట పట్టుకున్నాను గానీ సగం నేలపాలైంది. ఎవరైనా చూస్తుంటే నా చెయ్యి ఆడదని చెప్పాను. పాపం, నమ్మేశాడు. ఈ తవ్వకం గురించి తను రాస్తున్న వ్యాసంలో చేట బొమ్మ గీసి, చెరిగే పద్ధతి వివరించి, దాని పక్కన నా పేరు పెట్టాడు.

అమ్మకి ఇదేమీ తెలియదు. "దొర ఏటన్నాడే?" అని ప్రతి వారం అడిగేది. "బాగుందన్నాడమ్మా" అనేదాన్ని. ఎవరి పని బాగుందన్నాడో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. గుళ్ళో ఆడవాళ్ళ దగ్గర "నాను కూడా దొర కాడ పని సేస్తన్నాను" అని గొప్పగా చెప్పుకోబోతే, "సుమ్మా ఉండమ్మా, ఇది గవర్నమెంటు రహస్యం" అని నోరు మూయించాను. ఆవిడ నిజంగానే నోటి మీద వేలేసుకుంది. పామాయిల్ పళ్ళు ఏరిన రోజుల్లో మేస్త్రీ మాటకి ఎంత విలువిచ్చిందో నా మాటకీ అంతే ఇచ్చింది.

రెండో ఏడు చివర్లో ఆయనకి పెద్ద చేప పడింది, అంటే పెద్ద ఎలుక. ఒకరకం ఎలుక ఈ దేశంలో మనుషులు రాకముందే అంతరించిందని అందరూ అనుకునేవారట. దాని పళ్ళు ఎర్రమట్టి పొరల్లోనే ఉండాలి. మా సీసాల్లో అవి బూడిద పొరల్లో కూడా కనిపించాయి. ఒకటి కాదు, సంచి సంచికీ నాలుగైదు. అంటే ఆ ఎలుక బతికే ఉంది. నిప్పు చుట్టూ కూర్చున్న మనుషుల్ని చూసింది. గదిలో ఆయన గంతులేశాడు, ఆ సాక్సులతో, ఆ చెప్పులతో. మెట్ల కింద గదిలో పోయిన ఏళ్ళన్నీ ఒక్క రోజులో తిరిగొచ్చినట్టు ఏడ్చేశాడు కూడా.

ఒక్కటి మాత్రం ఆయన్ని గుచ్చింది. బూడిదలో దొరికిన ఆ పళ్ళకి ఎర్రరంగు పట్టి ఉంది. భూతద్దం కింద పెట్టి చాలాసేపు ముఖం చిట్లించాడు. తర్వాత, నీటి ఊట ఎరుపును పైకి మోసి ఉంటుందని మూడు పేజీల వివరణ రాశాడు. మనిషికి కావలసింది దొరికినప్పుడు నీళ్ళు కొండెక్కుతాయి కూడా. ఆ మూడు పేజీలూ టైపు చేసింది నేనే.

వ్యాసం అచ్చుకి ఒప్పుకున్నారు. ఆయన పేరు తర్వాత నా పేరు. అది చూపించి కౌలాలంపూర్‌లో ఒక మ్యూజియంలో నాకు ఉద్యోగం అడిగాడు. ఏడాది కాగితం ఉద్యోగం కాదు, పదవీ విరమణ దాకా ఉండేది. వాళ్ళు సరేనన్నారు, వ్యాసం రాగానే చేరమన్నారు. మెట్ల కింద గది ఇచ్చినవాళ్ళ ముందే నిలబడి ఈ సంగతి చెప్పడానికి ఆయన ఫ్రాన్సు ప్రయాణం కట్టాడు.

ఆ ప్రయాణానికి వారం ముందు ఒక మధ్యాహ్నం బియ్యం మూట తెచ్చాను. అమ్మ డబ్బాలో పాత బియ్యం అడుగున గుప్పెడు ఉంచి, దాని మీద కొత్తవి పోస్తోంది. పుట్టిన దగ్గర నుంచీ చూస్తున్నదే. మా ఇళ్ళల్లో బియ్యం డబ్బా అడుగు కనబడకూడదు. బియ్యం అయిపోయాయని నోటితో కూడా అనకూడదు, నిండుకున్నాయి అనాలి. పాత గుప్పెడు కొత్తవాటిలో కలిస్తేనే ఇల్లు ఆగకుండా సాగుతుంది. అడుగు దులపడమంటే చావింట్లో చేసే పని. మా తాతలు ఓడెక్కి వచ్చినప్పుడు అన్నీ అక్కడే వదిలేశారు గానీ ఇదొక్కటి మాత్రం వదల్లేదు.

నేను డబ్బా అంచు పట్టుకుని ఆపాను.

"అమ్మా, ఆ మట్టి కూడా ఇలాగే సేసినావా? ఒక సంచి అయినాక డబ్బా దులిపి ఇంకోటి పోసినావా, అడుగున ఉంచినావా?"

"దులపడమేటే? ఎవులైనా దులుపుతారా? గుప్పెడు ఒగ్గినాను. గింజైనా మట్టైనా ఏనం ఏనమే కదా, అడుగు కనబడకూడదు."

సంచులు నేను తెచ్చిన వరస నాకు గుర్తుంది. చివర తవ్వినవి, అంటే అట్టడుగు ఎర్రమట్టివి, గదిలో కుప్ప మీద పైన ఉండేవి. అందుకే అవి ముందు తెచ్చేదాన్ని, బూడిదవి తర్వాత. ఎర్రమట్టి గుప్పెడు అడుగున ఉండగానే బూడిద సంచి వచ్చి మీద పడేది. ఆ ఎలుక మనుషుల నిప్పు చూడలేదు. మా అమ్మ డబ్బా చూసింది, అంతే.

కూర్చోడానికి కుర్చీ కూడా కనబడలేదు నాకు. అమ్మ "కళ్ళు తిరిగినాయేటే?" అని మజ్జిగ తెచ్చింది. మజ్జిగ తాగాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే వ్యాసం ఆపేసేవాడు, ప్రయాణం మానుకునేవాడు, ఒక వారం దిగులు పడి మళ్ళీ తవ్వుకునేవాడు. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. నా ఉద్యోగం మాత్రం పోయేది. అది లెక్కేసుకునే ఊరుకున్నాను. భయపడ్డానని, తోచలేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అవన్నీ కల్లబొల్లి మాటలు. నాకు బాగానే తోచింది.

విమానం ఎక్కించడానికి నేనే కౌలాలంపూర్ తీసుకెళ్ళాను. విమానాశ్రయం రైలుకి ఇంకా వేళుందని బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనానికి కూర్చున్నాం. కొత్త చొక్కా వేసుకున్నాడు. రసం ఆకు మీద నుంచి జారిపోతుంటే చిన్నపిల్లాడిలా చేత్తో అడ్డం పెడుతూ, నీకేం తేను అని అడిగాడు.  "నాకేం వద్దు సార్" అన్నాను. తేలు కుట్టిన దొంగకి అరవడానికి వీల్లేదు కదా.

తిరిగొచ్చాక ఇత్తడి పిడి ఉన్న భూతద్దం నా చేతిలో పెట్టాడు. నా కళ్ళు కాపాడుకోవాలట, అవి ఆయనకి కావాలట. పెద్ద ఎముకల వాళ్ళలో అందరికంటే పెద్దాయన వచ్చి చెయ్యి కలిపి భోజనానికి పిలిచాడట. ఏమేం వడ్డించారో కూడా చెప్పాడు. వ్యాసం వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చింది. మూడు నెలలు ఆ మనిషి ముక్కు మీద పొక్కు కూడా మెరిసింది.

తర్వాత ఇక్కడి యూనివర్సిటీ కుర్రపరిశోధకుడొకడు అదే గుహలో పక్క గోడ తవ్వాడు. పిలిచింది ఆయనే. తన మాట ఇంకొకరు సరిచూడాలనే రకం. బూడిద పొరల్లో ఆ ఎలుక పన్ను ఒక్కటీ దొరకలేదు. ఇంకో గోడ తవ్వారు. లేదు.

ఆయన నన్ను అనుమానించి ఉంటే నేను బతికిపోయేదాన్ని. ఆయన తన్నే అనుమానించుకున్నాడు. చీటీలు తారుమారు కట్టానేమోనని రెండేళ్ళ నోటుబుక్కులు తిరగేశాడు. నేను కౌలాలంపూర్ నుంచి సెలవుల్లో అమ్మ దగ్గరికొచ్చి, ఆ గదికి వెళ్ళినప్పుడల్లా తలుపు తీసి, "పోయినసారి నువ్వొచ్చినప్పుడు నేను ఏ సంచి పట్టుకున్నానో నీకు గుర్తుందా?" అని అడిగేవాడు. వాళ్ళమ్మకి ముసలితనంలో మతిమరుపు వచ్చిందట. తనకీ మొదలైందేమోనని ఆసుపత్రికి వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాడు. డాక్టరు చెప్పమన్న పూల పేర్లూ పక్షుల పేర్లూ గదిలో ఒక్కడే కూర్చుని వల్లె వేసుకోవడం చూశాను. లోకంలోని ఎలుకల పళ్ళన్నీ పేరుపేరునా ఎరిగిన మనిషి, పిచ్చుక పేరు తప్పకుండా చెప్పగలనా అని భయపడుతున్నాడు. అది చూడలేకపోయాను.

"సార్, తప్పు మీది కాదు. మా అమ్మది" అన్నాను.

ఆ వాక్యం ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉంది. నాది అని కూడా చెప్పొచ్చు కదా. ఇన్నాళ్ళలో మా అమ్మ పేరు ఎత్తింది అదే మొదటిసారి, నేరం మోపడానికి. అంతా విన్నాడు. బల్ల మీది సీసాలు ఒకటొకటే మూతలు బిగించాడు. "మరి ఈ చేతులు?" అని నా చేతులు చూపించాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన ఊపిరి వదిలాడు. కోపం కాదు, మతి పోలేదని తెలిసిన నిశ్చింత అది. ఆ తర్వాతే ముఖం ముడుచుకుంది. "ఒక్క మాట చెప్పి ఉంటే నేనే వచ్చి ఆవిడకి నేర్పేవాణ్ణి కదా" అన్నాడు.

మర్నాడు మా ఇంటికి వచ్చాడు. అమ్మ హడావిడి పడి మురుకులు పెట్టి, మైలో కలిపి ఇచ్చింది. ఆయన కుర్చీ వద్దని నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. ఇద్దరికీ మలయ్ వచ్చు. ఎస్టేటు మలయ్ ఆవిడది, టీకొట్టు మలయ్ ఆయనది. మధ్యలో నా అవసరం ఎవరికీ లేదు. చేట చూపించమన్నాడు. ఒక సంచి మట్టి వెంట తెచ్చుకున్నాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని చెరిగింది. పళ్ళు గీతలా నిలబడ్డాయి. ఆయన ఊపిరి బిగబట్టి చూశాడు. చివర్లో డబ్బా అడుగున గుప్పెడు మిగిల్చి అమ్మ చెయ్యి దులుపుకుంది.

అదెందుకు ఉంచారని అడిగాడు. ఇల్లు సాగాలని ఉంచానంది అమ్మ.

ఆయన ఆ డబ్బా తీసుకుని మెల్లిగా బోర్లించాడు. "నా పనిలో ఇలా ఉండాలి అమ్మా. కొసొంగ్, ఖాళీ" అన్నాడు. ఖాళీ డబ్బా లోపల చేత్తో తుడిచి చూపించాడు.

అమ్మ డబ్బావంక చూసింది, ఆయనవంక చూసింది. "అయితే నాను పాడు సేసినానా?" అని మలయ్‌లో అడిగింది.

"లేదు. అడగడం నేను మరిచాను" అన్నాడాయన. లేచి రెండు చేతులూ జోడించి, ఇన్నేళ్ళలో ఇలాంటి చెయ్యి చూడలేదని, ఆ చెయ్యి ఆవిడదని నిన్ననే తెలిసిందని చెప్పాడు. పాపం, మెచ్చుకుంటున్నాననుకున్నాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అమ్మ దోపుకున్న కుచ్చిళ్ళు దించుకుంది. చేట నీళ్ళతో కడిగింది. తర్వాత నా ముందుకొచ్చి నిలబడింది.

"నిన్ననే తెలిసిందంట. అంటే మొన్నటి దాకా నీ సెయ్యే అన్నావన్నమాట."

"అమ్మా..."

"బాగున్నన్నాళ్ళూ నీ సెయ్యి. సెడిపోయినాక నా సెయ్యా?"

అరవలేదు, ఏడవలేదు. రబ్బరు తోటలో తక్కువ పాలొచ్చిన రోజున మేస్త్రీ తిడితే కూడా ఇలాగే నిలబడేదేమో. నేను కాళ్ళ మీద పడితే పక్కకి జరిగింది.

కొన్నాళ్ళకి ఆయన ఉత్తరం రాశాడు. తప్పు దిద్దుతూ ఒక ప్రకటన అచ్చు వేయిస్తున్నాడట. పళ్ళు వేరు చేసింది ఎవరో అందులో సరిగా రాయాలి, మీ అమ్మగారి పేరు పంపు అని అడిగాడు. అమ్మకి చదివి వినిపించాను. "నా పేరెందుకే? అలవాటున్నదే కదా, నీదే రాసుకో" అంది. ఆవిడ ఒప్పుకోలేదని రాసి పంపాను. ప్రకటన వచ్చింది. మట్టి కలిసిపోయిందని, బాధ్యత పూర్తిగా తనదేనని రాసుకున్నాడు. అమ్మ లేదు, డబ్బా లేదు. నిజం బయటపెట్టినందుకు నాకు కృతజ్ఞతలు మాత్రం ఉన్నాయి.  అందుకే ఇక్కడ కూడా ఎవరి పేరూ రాయలేదు. రాసే హక్కు ఉన్న ఒక్క పేరూ నా దగ్గర లేదు.

ఆయన గది ఖాళీ చేసి వాళ్ళ తాత ఊరికి వెళ్ళిపోయాడు. రెండు కొత్త సంవత్సరాలకి ఉత్తరాలు వచ్చాయి, నేను జవాబు రాయలేదు. ఈ మధ్య పోయాడని తెలిసింది. పాత సహోద్యోగులెవరో నాలుగు ముక్కలు రాశారు. చిన్న జంతువుల పళ్ళ మీద పనిచేశాడని, వృద్ధాప్యంలో తొందరపడి ఒక మాట అని వెనక్కి తీసుకున్నాడని. ముప్పై ఏళ్ళు కొండలు తవ్విన మనిషికి మిగిలింది ఆ ఒక్క మాట. ఆ మాట కూడా మా ఇంటిదే.

ఉద్యోగం నేను వదల్లేదు. మ్యూజియంలో అరలకి చీటీలు అంటిస్తాను, ఒకదాన్లో ఒకటి కలవకుండా చూస్తాను. ఆ పనిలో నాకు మంచి పేరుంది. అమ్మ ఇప్పుడు నాతోనే ఉంటుంది. మాట్లాడుతుంది, వండుతుంది, మందులు వేసుకున్నావా అని నన్నే అడుగుతుంది. చేట మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

ఆయన మా ఇంటికొచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న, ఎసరు పెట్టి పిలిచింది. "బియ్యం అయిపోయినాయి" అంది. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు. డబ్బా తలకిందులు చేసి అడుగున అరచేత్తో కొట్టింది. చివరి గుప్పెడు కూడా గిన్నెలో రాలింది. కొంగుతో లోపలంతా తుడిచి, ఖాళీ డబ్బా నా చేతిలో పెట్టింది. "కొత్తవి పోసీ. ఇంక కలవవు" అంది.

అప్పటి నుంచీ అంతే. అప్పుడప్పుడు ఆవిడ చూడకుండా నేను అడుగున గుప్పెడు ఉంచుతాను. మర్నాడు చూస్తే డబ్బా కడిగి, ఎండలో బోర్లించి ఉంటుంది.